రెండు షటర్లు, ఇరవై ఆరు చుట్లు

బోర్డు మీద మాట

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఊళ్ళో బోర్డులన్నీ మారాయి. ఆఫీసుల ముందు పాత పేరు చెరిపి కొత్త పేరు రాసే పెయింటర్లకు తీరిక లేని రోజులవి. ఇదే అదను అనుకుని నేనూ నల్గొండలో నా దుకాణానికి కొత్త బోర్డు రాయించాను. 'ఇచ్చట కెమెరా షటర్లు రిపేరు చేయబడును' అని కాగితం మీద రాసిచ్చాను. జాగా చాలలేదని పెయింటర్ 'కెమెరా' అనే మాట తీసేసి, దాని బదులు కెమెరా బొమ్మ వేశాడు. బొమ్మ గ్యాస్ పొయ్యిలాగా వచ్చింది.

మొదటి నెలలో ఆ బోర్డు చూసి పదిహేడు మంది లోపలికి వచ్చారు. రాసుకున్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. కెమెరా తెచ్చినవాళ్ళు నలుగురు. దుకాణం ముందరి ఇనుప షటర్ ఇరుక్కుపోయిందని వచ్చినవాళ్ళు పదకొండు మంది. ఒకాయన 'షటర్ ఏమన్న కిరాయికున్నదా' అని అడిగాడు. మన దగ్గర దుకాణం గదిని కూడా షటర్ అనే అంటారు కాబట్టి ఆయన తప్పేమీ లేదు.

పదిహేడో మనిషి సైదులు. హాలియా దగ్గర కాలువ మీద లస్కరు. అంటే కాలువకు అడ్డంగా ఉండే ఇనుప షటర్లను చక్రం తిప్పి ఎత్తి, దించే మనిషి. తన షటర్ మధ్యలో పట్టేస్తోందని వచ్చాడు.

"నాది కెమెరా పని, సైదులన్నా" అన్నాను.

"షటర్ అంటే షటరే గద. మీ నాయిన ఇరవై ఏండ్లు తిప్పిన షటరే గది. నీకు రాదా?"

అది నిజమే. మా నాయిన రోజు కూలి మీద ఆ షటర్ దగ్గరే పనిచేశాడు. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పదమూడు చుట్లు తిప్పితే షటర్ అడుగు లేస్తుంది. రెండడుగులు లేస్తే తప్ప కాలువ చివరి భూములకు నీళ్ళెక్కవు. రెండు పదమూళ్ళు ఇరవై ఆరు. నేను ఎక్కాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ చక్రం పక్కన కూర్చుని.

కెమెరా పని కాలువ పనికి దూరమేమీ కాదని తర్వాత తెలిసింది. అక్కడ నీళ్ళు, ఇక్కడ వెలుతురు. ఎంత తెరవాలి, ఎంతసేపు తెరవాలి అన్నదే రెండు చోట్లా ప్రశ్న. తేడా ఒక్కటే. కెమెరా షటర్ సెకనులో వెయ్యో వంతు తప్పితే మనిషి దుకాణానికొచ్చి కొట్లాడతాడు. కాలువ షటర్ నెల రోజులు తప్పితే సర్దుకుపోతాడు.

దుకాణం మూసి రెండేళ్ళయింది. ఈ పనిలోకి రావాలనుకుంటున్నామని ఈ మధ్య ఇద్దరు ఫోన్ చేశారు. ఈ కాలంలో ఇద్దరంటే తక్కువేమీ కాదు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు అడుగు, తర్వాత విప్పు

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళున్నాను. మొదటి ఏడాది స్క్రూ డ్రైవర్ ముట్టుకోనివ్వలేదు. వచ్చిన మనిషిని ప్రశ్నలు అడగడమే నా పని. "ముందు అడుగు, తర్వాత విప్పు" అనేవాడు. "కెమెరా ఖరాబైతే దానికంటే ముందు ఏదో జరిగే ఉంటది. ఆ ముచ్చట కెమెరా చెప్పదు, మనిషి చెప్తడు. మనిషి కూడ చెప్పడు. గుంజాలె."

ఈ మాట ఎంత విలువైందో చెప్పాలంటే, ఇది తెలియని మెకానిక్కుల గురించి చెప్పాలి. వాళ్ళ దగ్గర ఒకటే మందు. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "బోర్డు పోయింది" అంటారు. కడుపు నొప్పి అన్నా, కాలు నొప్పి అన్నా గ్యాస్ ట్రబుల్ అనే డాక్టరు లాగా. బోర్డు పోయిందని నా దగ్గరికి వచ్చిన కెమెరాలను ఒక ఏడాది లెక్కపెట్టాను. నలభై ఒకటి. నిజంగా బోర్డు పోయినవి మూడు. మిగతా ముప్పై ఎనిమిదింటిలో పోయింది మెకానిక్కు ఓపిక.

నేను వాళ్ళలాంటివాణ్ణి కానని నాకు గట్టి నమ్మకం ఉండేది. పాత కంప్యూటరుకు వెలుతురు పసిగట్టే బిళ్ళలు రెండు కలిపి, షటర్ వేగం కొలిచే పెట్టె సొంతంగా చేసుకున్నాను. ప్రతి షటర్‌నూ ప్రతి వేగంలో మూడుసార్లు కొట్టి, మూడు అంకెలూ రాసుకునేవాణ్ణి. అంకె అబద్ధం చెప్పదనేవాణ్ణి. అది సగమే నిజం. మిగతా సగం కాలువ గట్టు మీద తెలిసింది.

కెమెరా పెద్దాయనది, భయం సత్యానిది

హాలియాలో సత్యం అని స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ఆ వైపు ప్రజాప్రతినిధి ఒకాయనకు ఫొటోలన్నీ ఇతనే తీసేవాడు. ఆయన పేరు మనకు అవసరం లేదు, అందరూ పిలిచినట్టే పెద్దాయన అందాం. ప్రధానమంత్రులకు, రాజులకు ఫొటోలు తీసేది ఫలానా రకం కెమెరాతోనే అని పెద్దాయనకు ఎవరో చెప్పారు. అది డిజిటల్ రేంజ్‌ఫైండర్. సెకండ్ హ్యాండ్‌లో తెప్పించి సత్యం మెడలో వేశాడు.

మామూలు కెమెరాలో మనం లెన్సులోంచే చూస్తాం. రేంజ్‌ఫైండర్‌లో పక్కన వేరే చిన్న కిటికీ ఉంటుంది. అందులో మనిషి రెండుగా కనపడతాడు. లెన్సు రింగు తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. నాయకుల ఫొటోలకు ఇది సరిపోయే కెమెరానే. రెండుగా కనపడే మనిషిని ఒకటిగా చూపిస్తుంది.

కెమెరా వచ్చిన వారానికే సత్యం బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. 

"అన్నా, షటర్ తెరుసుకుంటలేదు. అన్ని ఫొటోలు నల్లగ వస్తున్నయ్. పెద్దాయన తోలు తీస్తడు."

"ఎప్పటి సంది?"

"మొదటి ఫొటో సంది."

"ముందర మూత తీసినవా?"

"ఏం మూత?" అన్నాడు.

లెన్సు మూత తీసి అతని చేతిలో పెట్టాను. పక్క కిటికీలోంచి చూస్తే మూత ఉన్నా లేకున్నా లోకం తెల్లగానే కనపడుతుంది. రేంజ్‌ఫైండర్ వాడే ప్రతి మనిషీ ఒక్కసారైనా ఇందులో పడతాడు. సత్యం మూత వైపు చూసి, నా వైపు చూసి, "గీ ముచ్చట ఎవ్వరికి చెప్పకు అన్నా" అన్నాడు. ఇప్పటిదాకా చెప్పలేదు. అతనే అందరికీ చెప్పుకుని నవ్వుతుంటాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అందుకే అంటాను, వచ్చిన మనిషి నోటి నుంచి రోగం పేరు తీసుకోకండి. ఏం కనపడింది, ఎప్పటి నుంచి, అంతకు ముందు ఏం చేశావు, ఈ మూడే అడగండి. 'షటర్ పోయింది' అనేది లక్షణం కాదు, తీర్పు. తీర్పు ఇవ్వాల్సింది మనం.

తర్వాత ఒకసారి అదే కెమెరా నిజంగానే చెడి నా దగ్గరికి వచ్చింది. పెద్ద వేగంలో ఫొటోకు ఒక పక్క నల్ల పట్టీ వస్తోంది. రెండు వరసల సన్నటి రేకులు షటర్‌లో ఒకదాని వెనుక ఒకటి పరిగెడతాయి. మొదటి వరస తెరుస్తుంది, రెండోది మూస్తుంది. రెండోది తొందరపడి మొదటిదాన్ని అందుకుంటే ఆ పక్క వెలుతురు పడదు. శుభ్రం చేసి సర్దాను. పదమూడు వేగాలు, మూడేసి సార్లు, ముప్పై తొమ్మిది అంకెలు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. "ఇంక ఫికర్ లేదు" అని ఇచ్చి పంపాను. ఈ మాట ఎప్పుడూ అనకండి.

ఇది కూడ షటరే గద

ఆ యేడు వానాకాలం కాలువకు నీళ్ళు ఆలస్యమయ్యాయి. హాలియా అవతల కాలువ చివర మా అక్క మరియమ్మకు ఎకరం ఇరవై గుంటలుంది. మా తాతలకు ఒక్క గుంట లేదు. ఆ ఎకరన్నర కోసం అక్క, బావ ముప్పై ఏళ్ళు పరాయి పొలాల్లో వంగి నాటేశారు. ఆ యేడు నారు పోసి ఇరవై మూడు రోజులైంది. పక్క రైతు బోరు నుంచి బిందెలతో తెచ్చి నారుమడి తడుపుతోంది. ఇంకో వారంలో పొలంలోకి నీళ్ళు రాకపోతే నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే గడ్డి వస్తుంది, గింజ రాదు.

ఇంతలో మర్నాడే పెద్దాయన స్వయంగా చక్రం తిప్పి నీళ్ళు వదులుతాడని చాటింపు వచ్చింది. ఆ ఫొటో పెద్ద ఫ్లెక్సీ కొట్టించాలట. సత్యానికి భయం పట్టుకుంది. "నువ్వు పక్కనుంటె ధైర్యం అన్నా" అని నన్ను నల్గొండ నుంచి బండి మీద తీసుకుపోయాడు. అక్క పొలం కూడా చూసి రావచ్చని వెళ్ళాను.

మా నాయిన తిప్పిన షటర్ దగ్గర షామియానా వేశారు. కుర్చీలు అరవై. అందులో నలభై రెండింటికి 'రిజర్వు' అని కాగితాలు అంటించారు. రైతులు గట్టు మీద నిలబడ్డారు. అయ్యగారు కాలువకు పూజ చేసి, షటర్ చక్రానికి తడి పసుపు పూసి కుంకుమ పెట్టాడు. పెద్దాయన కారు ఇంకా రాలేదు. ఊరికే ఉండలేక నేను సత్యంతో అన్నాను.

"నీ కెమెరాకు కూడ పెట్టియ్యి. ఇది కూడ షటరే గద."

నవ్వులాటకు అన్నాను. మా ఇంట్లో పసుపు కూరలోకి తప్ప దేనికీ వాడరు. సత్యం మాత్రం నవ్వలేదు. అప్పటికే సగం ప్రాణం దేవుడి చేతిలో పెట్టి ఉన్నాడు. "అయ్యగారూ, ముందర వద్దు, లెన్సుకు అంటుతది. కిందికి పెట్టుండ్రి" అని కెమెరా తలకిందులు చేసి పట్టుకున్నాడు. అయ్యగారు అడుగు రేకుకు నిండుగా పసుపు రాసి బొట్టు పెట్టాడు.

పెద్దాయన వచ్చాడు. దండలు అయ్యాయి. తల దువ్వుకుని, చక్రం మీద చెయ్యి వేసి సత్యం వైపు చూశాడు. సత్యం నొక్కాడు. చప్పుడు రాలేదు. మళ్ళీ నొక్కాడు. వెనుక తెర మీద 'షటర్ ఫాల్ట్' అని వచ్చింది.

"ఏమైందయ్యా?" అన్నాడు పెద్దాయన.

"షటర్ పనిజేస్తలేదు సార్."

ఇంజనీరు ఉలిక్కిపడి ముందుకొచ్చాడు. "లేదు సార్, షటర్ సిద్ధంగా ఉంది సార్. నిన్ననే గ్రీజు పెట్టించాను."

"ఆ షటర్ గాదయ్యా, ఈ షటర్!"

"ఫోన్ల తీయుండ్రి సార్, ఈడ ఎన్ని ఫోన్లు లేవు" అన్నాడు గట్టు మీద నుంచి ఎవరో. లెక్కపెట్టాను. పైకెత్తి పట్టుకున్నవే ముప్పై రెండు.

"పోయినేడు ఫోన్లనే దీసిండ్రు" అన్నాడు పెద్దాయన. "ఫ్లెక్సీ పెద్దగ కొట్టిస్తే నా మొఖం గోడకు పిడక కొట్టినట్టు వచ్చింది. ఈ కెమెరాలనే తియ్యాలె. అప్పటిదాంక షటర్ ఎత్తేది లేదు."

నీళ్ళు అవతల షటర్‌ను ఒరుసుకుంటూ నిండుగా ఉన్నాయి. ఇవతల కాలువలో బర్రె పడుకుని ఉంది. గట్టు మీది జనం సత్యాన్ని చూశారు, సత్యం నన్ను చూశాడు. జనంలోంచి మా అక్క గొంతు వినపడింది.

"ఒరే ఏసోబు, పెద్ద మెకానిక్కువు గదరా. నా నారు నీ డబ్బాల ఇరుక్కున్నది. తీయి జర!"

ముప్పై తొమ్మిది అంకెలు

పిల్లలూ, ఇక్కడ నేను చేసిన తప్పు జాగ్రత్తగా చూడండి. నా చేతిలో అన్నీ ఉన్నాయి. కొలిచే మీటరు ఉంది, పాతికేళ్ళ అనుభవం ఉంది, ఆ షటర్‌కు నేనే రాసిన ముప్పై తొమ్మిది అంకెలున్నాయి. కాబట్టి ఎవర్నీ ఏమీ అడగలేదు.

మొదట బ్యాటరీ. షటర్‌ను మోటారు బిగించేటప్పుడు ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. అప్పుడు బ్యాటరీ డీలా పడితే ఈ కెమెరాలు 'షటర్ ఫాల్ట్' అంటాయి. అడుగు రేకు తిప్పి తీసి బ్యాటరీ బయటికి తీశాను. మీటరు పెట్టాను. ఏడు పాయింట్ తొమ్మిది వోల్టులు. నిండా ఉంది. అంకె అబద్ధం చెప్పదు కాబట్టి బ్యాటరీని పక్కన పెట్టేశాను.

తర్వాత మెమరీ కార్డు. తీసి, వేరేది వేశాను. అదే మాట. తర్వాత అడుగు రేకు సరిగ్గా పడలేదేమో అని ఆరుసార్లు తీసి బిగించాను. అది సరిగ్గా మూసుకోకపోతే ఈ రకం కెమెరా అసలు పనిచేయదు. అదే మాట. లెన్సు తీసి లోపల చూశాను. రేకులు తిన్నగా ఉన్నాయి.

"అయితదా కాదా? నాకు పన్నెండింటికి ఇంకో కార్యక్రమం ఉంది" అన్నాడు పెద్దాయన.

"అయితది సార్" అన్నాడు సత్యం, నా బదులు.

నలభై నిమిషాలైంది. నలభై రెండు రిజర్వు కుర్చీల్లో పందొమ్మిది ఖాళీ అయ్యాయి. ఇక షటరే పోయిందనుకున్నాను. బోర్డు కూడా పోయి ఉండొచ్చనుకున్నాను. అవును, నేనే అనుకున్నాను ఆ మాట. కాలువ గట్టు మీద, దుమ్ములో, కెమెరా పై కవరు విప్పడానికి స్క్రూ డ్రైవర్ తీశాను. ఆ పని అక్కడ చేసి ఉంటే ఆ కెమెరా మళ్ళీ కళ్ళు తెరిచేది కాదు.

అప్పుడు అక్క జనంలోంచి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చింది. తీసుకోబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"వేళ్ళకు గీ పసుపేందిరా? పూజల గూసున్నవా?"

"నేనెందుకు గూసుంట?"

"మరి ఏడిదిది?"

చూసుకున్నాను. బొటనవేలికి, చూపుడు వేలికి పసుపు. ఆ రెండు వేళ్ళతోనే బ్యాటరీ పట్టుకున్నాను. చక్రాన్ని నేను ముట్టుకోలేదు. అంటే ఇది కెమెరా అడుగు రేకుకు పూసిందే.

"సత్యం, బొట్టు పెట్టినంక ఈ రేకు తీసినవా?"

"తీసిన అన్నా. పెద్దాయన వస్తుండని ఫుల్ చార్జింగ్ బ్యాటరీ ఏసిన. ఏం, తప్పా?"

అదీ సంగతి. తడి పసుపు అంటిన చేతులతో బ్యాటరీ వేశాడు. పసుపు బ్యాటరీ ముఖం మీద, కెమెరా లోపలి పిన్నుల మీద పల్చగా పూసుకుని ఎండిపోయింది. నేను మీటరు సూదులతో గట్టిగా పొడిచి కొలిచాను కాబట్టి పసుపు పొర చీరుకుని ఏడు పాయింట్ తొమ్మిది చూపించింది. కెమెరా పిన్నులు అలా పొడవవు. మోటారు కరెంటు గుంజే సమయానికి పసుపు అడ్డం పడింది.

అంకె అబద్ధం చెప్పలేదు. బ్యాటరీ బయట ఎంత ఉంది అని అడిగాను, చెప్పింది. కెమెరా లోపల ఎంత అందుతోంది అని నేను అడగలేదు. ఇంకొకటి కూడా అడగలేదు. కెమెరాకు చివరిసారి ఏం జరిగింది? అడిగి ఉంటే జవాబు చెప్పాల్సింది నేనే. బొట్టు పెట్టించమన్నది నేను. తొమ్మిదేళ్ళు ఊరందరినీ ప్రశ్నలు అడగడం నేర్పిన ఉస్తాద్, నిన్ను నువ్వు కూడా అడుక్కో అని చెప్పడం మరిచిపోయాడు. లేదా అంత తెలివితక్కువవాణ్ణి అనుకోలేదు.

అక్క కొంగుతో పసుపు తుడిచాను. ఇంజనీరు జేబులో పెన్సిల్ రబ్బరు ఉంటే అడిగి తీసుకుని పిన్నులు రుద్దాను. రెండు నిమిషాల పని. బ్యాటరీ వేసి, రేకు బిగించి, నొక్కాను. టక్ అంది.

"గింతేనా?" అంది అక్క.

"గింతే."

"దీనికి గంట సేపు నా నారు ఎండబెట్టినవా?"

తొమ్మిది అబద్ధాలు

పెద్దాయన మళ్ళీ తల దువ్వుకుని చక్రం మీద చెయ్యి వేశాడు. సత్యం మొదటి ఫొటో తీశాడు. బాగుంది. జుట్టు చెదరలేదు, నవ్వు సరిగ్గా పడింది. చక్రం ఇంకా తిప్పలేదు.

అప్పుడే ఇంజనీరు ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పిన మాట నాకూ, అక్కకూ వినపడింది. "లాంఛనంగా మూడు చుట్లు తిప్పితే చాలు సార్. పూర్తిగా ఎత్తే ఆర్డరు పై వారం వస్తుంది."

మూడు చుట్లు. పదమూడు చుట్లకు అడుగైతే మూడు చుట్లకు మూడంగుళాల లోపే. ఆ నీళ్ళు ముందరి పొలాలు దాటవు. అక్క తల తిప్పి కాలువలో బర్రె వైపు చూసింది. తిట్టే మనిషి తిట్టకపోతే తెలుస్తుంది. 

వచ్చిన మనిషితో అబద్ధం చెప్పొద్దు అన్నది ఈ వృత్తిలో నా మొదటి నియమం. పాతికేళ్ళలో ఒక్కరోజు తప్పాను. ఆ ఒక్కరోజు తొమ్మిదిసార్లు తప్పాను.

"సార్, షటర్ మీద ఇంకా నమ్మకం కుదురుతలేదు" అన్నాను కెమెరా తెర చూస్తూ. "చక్రం తిరుగుతుంటే తీస్తేనే తెలుస్తది."

పెద్దాయన మూడు చుట్లు తిప్పాడు. టక్. ఇవతలికి సన్నగా నీళ్ళు వచ్చాయి. బర్రె లేచింది.

"చాలు సార్" అన్నాడు ఇంజనీరు.

"జర మసక వచ్చింది సార్" అన్నాను. ఇంకో మూడు. "ఈసారి కండువా అడ్డమొచ్చింది." ఇంకో మూడు. "మొఖం అటు తిరిగింది." ఇంకో నాలుగు. పదమూడు. చక్రం పక్కన నిలబడ్డ సైదులు తల తిప్పి నా కళ్ళలోకి చూశాడు. అతనికి అర్థమైంది. గంభీరంగా, "సార్, జర సాయం పడ్దునా?" అన్నాడు.

"వద్దు వద్దు, ఫొటోల నువ్వు పడతవ్" అన్నాడు పెద్దాయన. ఆయన జీవితంలో అంత మంచి మాట ఇంకోటి అని ఉండడు.

పదహారు దగ్గర కండువా తీసి పక్కన పెట్టాడు. ఇరవై దగ్గర జుట్టు నుదుటికి అంటుకుంది. గట్టు మీది రైతులకు కూడా ఏదో తెలిసింది. ప్రతి చుట్టుకూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. చప్పట్లు వినపడితే ఆగే మనిషి కాదాయన. ఇంజనీరు "సార్, ఆర్డరు..." అన్నది నీళ్ళ చప్పుడులో కలిసిపోయింది. ఇరవై మూడు. "ఒక్కటి సార్, ఆఖరిది." ఇరవై ఆరు.

"ఇగ బరాబర్ వచ్చింది సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

సైదులు నా పక్కకొచ్చి మెల్లగా, "మీ నాయిన లెక్క మరువలే నువ్వు" అన్నాడు.

పెద్దాయన ఆయాసపడుతూ కారెక్కి, పన్నెండింటి కార్యక్రమానికి ఒంటిగంటకు వెళ్ళిపోయాడు. ఇంజనీరు షటర్ వైపు చూశాడు.

"దించుదునా సార్?" అన్నాడు సైదులు.

"ఆయన స్వహస్తాలతో ఎత్తిన షటర్. దించమని ఎవరు రాసిస్తారయ్యా? రాసిచ్చాక దించుదాం."

ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడిచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. నీళ్ళు అంతకంటే వేగంగా నడుస్తాయి. మూడో రోజు మధ్యాహ్నం అక్క పొలంలోకి వచ్చాయి. కాగితం వచ్చి షటర్ దిగే వేళకు మడి నిండింది. పై వారం ఇంజనీరు చెప్పిన ఆర్డరు కూడా వచ్చి, మళ్ళీ ఎత్తారు. ఈలోపు అక్క దమ్ము చేయించి, ఇరవై ఎనిమిదో రోజు నాటేసింది.

ఫ్లెక్సీ

ఈ పనిలో నేను చేసిన మంచి పనేదంటే అదేనని కొందరంటారు. కాదు. అది నా తప్పు కప్పుకోవడానికి దొరికిన అవకాశం. ఆ గంట నేను వృథా చేయకపోతే పెద్దాయన తొందరలేకుండా వచ్చి, మూడు చుట్లు తిప్పి, భోంచేసి వెళ్ళేవాడు. తప్పు చేయమని మీకు చెప్పను. చేశాక చేతులు చూసుకోమని మాత్రం చెప్తాను. ఏదో ఒకటి అంటి ఉంటుంది.

పది రోజుల తర్వాత హాలియా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. రెండంతస్తుల ఎత్తు. నేను, అక్క బస్సు కోసం నిలబడి తల ఎత్తి చూశాం. సత్యం ఆ రోజు పది ఫొటోలు తీశాడు. చివరిదాంట్లో నీళ్ళు నురగలు కక్కుతున్నాయి, కానీ పెద్దాయన చెమటతో, చెదిరిన జుట్టుతో, కండువా లేకుండా కూలి మనిషిలా ఉన్నాడు. అది ఆయనకు నచ్చలేదట. మొదటిది పెట్టారు. దువ్విన తల, చక్రం మీద చెయ్యి, చక్కటి నవ్వు. వెనుక కాలువ ఎండిపోయి ఉంది. మూలకు బర్రె కూడా పడింది. పైన పెద్ద అక్షరాల్లో 'జలదాత'.

అక్క కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. నాటేసిన చేతులు ఇంకా బురద వాసన వస్తున్నాయి.

"ఇన్నేండ్లు ఫ్లెక్సీల నీళ్ళుండె, కాలువల లేకుండె" అంది. "ఈయేడు తిరుగమర్ల అయింది తమ్మీ."